ఈ వారం: స్కూళ్లకు పాలసీ రాయడం (అనుకున్నది అదీ)

శ్రీను: నమస్తే అండీ. స్కూళ్లు, ట్యూషన్లు, డాన్స్ క్లాసుల వాళ్లు పిల్లల రక్షణ పాలసీ ఎలా రాసుకోవాలో ఈ రోజు మాట్లాడుకుందాం. అక్క ఫైలుతో వచ్చింది.

వాణి: పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే పోక్సో చట్టం ఉంది కదా, దాని కింద 2020లో వచ్చిన నియమాల్లో మూడో రూల్ చూడండి. స్కూలు, క్రెష్, స్పోర్ట్స్ అకాడమీ, ఏదైనా సరే. స్టాఫ్ అందరికీ ఎప్పటికప్పుడు పోలీస్ వెరిఫికేషన్ చేయించాలి, ట్రైనింగ్ ఇప్పించాలి. టీచర్లకే కాదు. ఆయమ్మ, వాచ్‌మన్, కాంట్రాక్టు మీద వచ్చే కోచ్...

శ్రీను: ఆటో డ్రైవర్?

వాణి: మొదలెట్టావా!

శ్రీను: బస్సు డ్రైవర్ని స్కూలు పెట్టుకుంటుంది కాబట్టి వెరిఫికేషన్ అడుగుతారు. పేరెంట్స్ మాట్లాడుకున్న ఆటో అయితే గేటు బయట వ్యవహారమట!

వాణి: వస్తాను, ఆటోకి వస్తాను. పాలసీ అంటే నెట్‌లో దించుకుని పేరు మార్చేస్తున్నారు. మొన్న ఒకచోట చూశాను, మూడో పేజీలో వేరే స్కూలు పేరు అలాగే ఉంది. ప్రిన్సిపాల్ సంతకం కూడా పెట్టేశారు.

శ్రీను: (నవ్వు) సరే గానీ, పాప టీచర్‌తో ఏదో చెప్పిందనుకో. ముందు లోపల విచారించి, నిజమని తేలితేనే కదా పోలీసులకు చెప్పాలి?

వాణి: అస్సలు కాదు. పోక్సో చట్టం పందొమ్మిదో సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసినా, జరిగేలా ఉందని అనుమానం వచ్చినా పోలీసులకు చెప్పి తీరాలి. తన కింద పనిచేసేవాడి విషయం సంస్థ పెద్ద దాచిపెడితే ఏడాది దాకా జైలు, పైన జరిమానా.

శ్రీను: అక్కా, మా చుట్టాలబ్బాయి పీఈటీ. వాడి మీద మాట వచ్చింది, చివరికి ఏమీ లేదని తేలింది. ఈలోగా వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోతో సహా తిరిగింది. పెళ్లి సంబంధం పోయింది. కాస్త విచారించుంటే?

వాణి: ఫొటో పెట్టింది ఎవరు? పోలీసులా, స్టాఫ్‌రూమా?

శ్రీను: ...స్టాఫ్‌రూమే అనుకో.

వాణి: మీరనే విచారణ ఎలా ఉంటుందో చెప్తా విను. పాప క్లాస్ టీచర్‌కి చెప్తుంది. ఆవిడ కోఆర్డినేటర్ దగ్గరికి తీసుకెళ్తుంది, మళ్లీ చెప్పు అంటారు. తర్వాత వైస్ ప్రిన్సిపాల్. చివరికి కరెస్పాండెంట్ గది. ఏసీ, పెద్ద టేబుల్, అవతల నలుగురు పెద్దవాళ్లు. పాప నిలబడే ఉంటుంది. ‘నిజం చెప్పమ్మా, సార్ అలాంటోడు కాదు కదా’ అంటారు. నాలుగోసారికి ఆ పిల్ల ఏం చెప్తుంది?

శ్రీను: ఏమీ జరగలేదంటుంది.

వాణి: అంతే. అతని దగ్గర రాజీనామా రాయించుకుని, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపేస్తారు. జూన్‌లో ఇంకో స్కూల్లో చేరతాడు. పోలీస్ రికార్డే లేనప్పుడు వెరిఫికేషన్‌లో ఏం దొరుకుతుంది?

శ్రీను: (కాసేపాగి) మరి టీచర్ ఏం చేయాలి?

వాణి: వినాలి. పాప అన్న మాటలు అన్నట్టే రాసుకోవాలి. గుచ్చి గుచ్చి అడక్కూడదు. నిజమా కాదా తేల్చడం ఆవిడ పని కాదు. మంచి నమ్మకంతో చెప్పినందుకు ఆవిడ మీద కేసు ఉండదని కూడా అదే సెక్షన్‌లో ఉంది. ఇంకోటి, పోలీసు యూనిఫాంలో రాకూడదు. పాప ఇంట్లోనో, పాపకి ఇష్టమైన చోటో స్టేట్‌మెంట్ తీసుకోవాలి. వీలైనంత వరకు మహిళా ఎస్ఐ.

శ్రీను: ఇది చాలామందికి తెలీదు. స్టేషన్ మెట్లెక్కాలన్న టెన్షన్‌తోనే సగం మంది ఆగిపోతారు.

వాణి: పాలసీ మొదటి పేజీలో రాయాల్సింది అదే. కక్షతో అబద్ధం కేసు పెట్టే పెద్దవాళ్లకూ శిక్ష ఉంది, పిల్లలకు మాత్రం లేదు.

శ్రీను: మావాడి సంబంధం మాటో?

వాణి: దానికి ఈ ఫైల్లో జవాబు లేదురా.

శ్రీను: ...సరే. ఆటో?

వాణి: అబ్బా! స్కూలు చేతిలో ఉన్నది చెప్తా. గేటు దగ్గర రిజిస్టర్. ఏ పిల్ల ఏ ఆటోలో వెళ్తుంది, డ్రైవర్ పేరు, నంబరు. డ్రైవర్ మారితే పేరెంట్ నుంచి మెసేజ్ వచ్చాకే పిల్లని ఎక్కించాలి.

శ్రీను: ఆ రిజిస్టర్ రాసేది ఎవరు? వాచ్‌మన్. ఆయనకి సాయంత్రం నాలుగింటికి నాలుగొందల మంది పిల్లలు...

వాణి: ఇంకో మనిషిని పెట్టుకోమను. ఫీజులు తీసుకోవట్లేదా? ఆగు, ఫోను. ఆ మూడో పేజీ కరెస్పాండెంటే. రికార్డింగ్ ఆపు, మాట్లాడాలి.

శ్రీను: స్పీకర్‌లో పెట్టు.

వాణి: నోర్ముయ్. హలో సార్, చెప్పండి...