కుర్చీలో కూర్చునే వ్యాయామం: పడిన కాలి మీదకి బరువు రావాలి

[దృశ్యం: మొజాయిక్ నేల. గోడకు ఆనించిన చెక్క కుర్చీ.]

నమస్కారమండి. స్ట్రోక్ వచ్చి, ఒక వైపు కాలూ చెయ్యీ పడిపోయి, ఆస్పత్రి నుంచి ఇంటికి చేరి, ఆసరా లేకుండా కూర్చోగలుగుతున్నవాళ్లకీ, వాళ్లని చూసుకునేవాళ్లకీ, ముఖ్యంగా చెన్నైలో ఉండే మన తెలుగువాళ్లకి ఈ వీడియో. మీ ఫిజియో వద్దన్నది ఇందులో ఉంటే వాళ్ల మాటే వినండి.

ముందు కుర్చీ. ప్లాస్టిక్‌ది వద్దు. నున్నటి టైల్స్ మీద ఒక పక్కకి ఒరగగానే దాని కాలు వంగి జారుతుంది. చక్రాల కుర్చీ అసలే వద్దు. చేతులున్న చెక్క కుర్చీ అయితే మేలు. కూర్చుంటే మోకాళ్లు 90 డిగ్రీల్లో ఉండి, రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనాలి. తోడుండేవాళ్లు పడిన వైపే నిలబడండి, తూలేది ఎక్కువగా అటే.

[దృశ్యం: దగ్గరగా, పాదం కింద న్యూస్‌పేపరు.]

ఇప్పుడొక చిన్న పరీక్ష. పడిన కాలి కింద పేపరు పెట్టి, మనిషి మామూలుగా కూర్చుని ఉండగా మెల్లగా లాగండి. సర్రున వచ్చేసిందా? ఆ కాలి మీద బరువే లేదన్నమాట. స్ట్రోక్ తర్వాత చాలామంది తెలియకుండానే బరువంతా మంచి వైపే వేసేస్తారు, పనంతా ఆ వైపే చేసేస్తుంది. రేపు లేచి నిలబడాలంటే రెండో కాలూ బరువు మోయాలి కదా, ఆ అలవాటు కుర్చీలోనే మొదలవ్వాలి.

[దృశ్యం: పడిన వైపు స్టూలు మీద ఖాళీ స్టీలు గ్లాసు.]

ఇప్పుడు మంచి చేత్తో గ్లాసు అందుకోవడం. పడిన కాలి వైపు, కాస్త ముందుకి గ్లాసు ఉండాలి. మంచి చెయ్యి పూర్తిగా చాచినా ఇంకో నాలుగు వేళ్ల దూరం మిగలాలి. అప్పుడే నడుము కదులుతుంది, పాదం నేలని నొక్కుతుంది. దగ్గరగా పెడితే పని భుజంతోనే అయిపోతుంది. ఆస్ట్రేలియా పరిశోధకులు కేథరిన్ డీన్, రోబర్టా షెపర్డ్ 1997లో ప్రచురించిన అధ్యయనంలో చేయించింది ఇలాంటిదే: చెయ్యి అందని దూరంలోని వస్తువుల్ని కూర్చునే అందుకోవడం. సాధన చేసినవాళ్లలో పడిన కాలు మోసే బరువు పెరిగింది. 10 సార్లు చేయించి, గ్లాసు అందుకుంటున్న క్షణంలో పేపరు మళ్లీ లాగి చూడండి. పాదం పట్టేసిందంటే సరిగ్గా చేస్తున్నట్టే.

తర్వాత మోకాలు చాపి, 5 లెక్కపెట్టి, మెల్లగా దించడం. ఇదీ 10 సార్లు. వీపు వెనక్కి వాలిపోతోందంటే కాలు అంత ఎత్తకండి. ఆ తర్వాత మడమ నేల మీదే ఉంచి మునివేళ్లు పైకెత్తడం. నడిచేటప్పుడు పాదం ఈడ్చుకుపోయేది ఎక్కువగా ఇక్కడి బలం చాలకే.

లెక్క పైకి చెప్పించండి. ఊపిరి బిగబడితే బీపీ పెరుగుతుంది, నోరు లెక్కపెడుతుంటే బిగబట్టలేరు. మాట పడిపోయినవాళ్లలో కొందరికి అంకెలు మాత్రం వరసగా వచ్చేస్తాయి. చెన్నైలో ఫిజియో ‘ఒణ్ణు, రెండు’ అని తమిళంలో లెక్కపెట్టినా, ఇంట్లో మాత్రం చిన్నప్పటి నుంచి నోట్లో నానిన లెక్కే అనిపించండి. రెండు ఎలాగూ ఇద్దరిదీ ఒకటే!

[దృశ్యం: టేబుల్ మీద తువ్వాలు, దాని మీద రెండు చేతులు.]

చేతికి: మంచి చేతి వేళ్లతో పడిన చేతిని పట్టుకుని, తువ్వాలు మీద ముందుకి తోసి వెనక్కి తేవడం. నొప్పి మొదలయ్యే చోట ఆగిపోవాలి. పడిన చేతిని తలపైకి ఎత్తించకండి, చంకలో చెయ్యి వేసి మనిషిని లేపకండి. భుజం కండరాలు వదులైపోతే కీలు కిందికి జారుతుంది, లాగితే నెలల తరబడి వదలని నొప్పి పట్టుకోవచ్చు. నూనె రాసి గట్టిగా లాగితే పట్టు వదులుతుందని ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ చెప్తారు. రాయండి, లాగకండి.

రోజుకి రెండుసార్లు, 10 నుంచి 15 నిమిషాలు చాలు. చెన్నై ఉక్కలో పొద్దున్నే అయితే హాయి. ఆస్పత్రికి తీసుకెళ్లడం కష్టమైతే మీ దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో అడగండి. తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టులో మొదలుపెట్టిన ‘మక్కళై తేడి మరుత్తువమ్’ (అంటే జనాన్ని వెతుక్కుంటూ వచ్చే వైద్యం) పథకంలో ఇంటి దగ్గరే ఫిజియోథెరపీ కూడా ఉంది.

మొదలుపెట్టే ముందు బీపీ చూడండి. 180/110 దాటితే ఆ రోజుకి మానేసి డాక్టరుకి ఫోన్ చేయండి. మధ్యలో ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా, మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా ఆపేయండి, తగ్గకపోతే 108. మూతి కొత్తగా వంకర పోయినా, మాట తడబడినా, చెయ్యి ఉన్నట్టుండి జారిపోయినా ఒక్క నిమిషం కూడా ఆగకుండా 108కి చేయండి. చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకో కాగితం మీద రాసి వెంట తీసుకెళ్లండి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా 4.5 గంటల లోపే ఇస్తారు, అక్కడ డాక్టరు ముందు అడిగేది ఆ టైమే.