రాళ్ల పళ్లెం కింద చింతపండు

శ్రోతలందరికీ వందనాలు.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది అమ్మ. ఎదురుగా పెట్టుకున్న పుస్తకం బైబిలు. అందుకే సామెతల గ్రంథం 11వ అధ్యాయం మొదటి వచనం చిన్నప్పుడే కంఠస్థం: "దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము."

నోటికి అప్పుడే వచ్చింది. చేతికి రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

బజారులో మాకు చిన్న కిరాణా కొట్టు. వేసవిలో సవర ఆడవాళ్లు చింతపండు బుట్టలు నెత్తిన పెట్టుకుని, చీకటితోనే బయల్దేరి, కొండ దిగి సంతకు వచ్చేవారు. మేం కొనేవాళ్లం. ఒకరోజు తక్కెడ తుడుస్తుంటే రాళ్లు వేసే పళ్లెం అడుగున చింతపండు ముద్ద కనిపించింది. నిమ్మకాయంత ఉంది. నల్లగా ఎండి, ఇనుముకు అతుక్కుపోయింది. రాళ్ల మీద సర్కారు ముద్ర సరిగ్గానే ఉంది. కానీ తూచినప్పుడల్లా ఆ ముద్ద బరువంత సరుకు మాకు ఊరికే వస్తోంది. దాన్ని నేను పెట్టలేదు. చూశాక తీయనూ లేదు. ఆ సీజనంతా అలాగే తూచాను.

ఒక ఆదివారం చర్చిలో వాక్యం చదివే వంతు నాది. యాకోబు పత్రిక 4వ అధ్యాయం, 17వ వచనం: "మేలైనది చేయ నెరిగియు ఆలాగు చేయనివానికి పాపము కలుగును." గొంతు పెగల్లేదు. ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా కొట్టు తాళం తీసి, కత్తితో ఆ ముద్ద గీకేశాను.

లూకా సువార్తలో పన్నులు వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. నేను లెక్క వేయబోతే ఎవరికెంత బాకీయో తేలలేదు. తర్వాతి సంతలో వచ్చినవాళ్లకు ఉన్నమాట చెప్పి, తోచినంత డబ్బు ఇచ్చాను. ఒకామె డబ్బు తీసుకుంది, బుట్ట ఎత్తుకుని పక్క కొట్టుకు పోయింది. మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. ఆమె చేసింది న్యాయమే.

1805లో విశాఖపట్నం వచ్చిన మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజ్ సువార్తల్ని తెలుగులోకి తేవడానికి పూనుకున్నారు. 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో మూడు సువార్తలు అచ్చయ్యే నాటికి ఇద్దరూ బతికి లేరు. అంత కష్టం మీద మన భాషలోకి వచ్చిన మాటను అర్థం కాలేదని పక్కన పెట్టే హక్కు మనకు లేదు.

పేతురు రెండో పత్రిక మొదటి అధ్యాయంలో విశ్వాసానికి సద్గుణం, జ్ఞానం, ఆశానిగ్రహం, సహనం, భక్తి, సహోదర ప్రేమ, దయ "అమర్చుకొనుడి" అంటాడు. వాటంతట అవే వస్తాయని అనలేదు. భక్తి కంటే ముందు ఆశానిగ్రహాన్ని పెట్టాడు, చూశారా? నేను మాత్రం పాటలు పాడి, ప్రార్థన చేసి, అత్యాశను తక్కెడ కిందే వదిలేశాను.

ఇప్పుడు మా కొట్లో ఎలక్ట్రానిక్ కాటా ఉంది. రోజూ తలుపు తీయగానే 5 కిలోల రాయి పెట్టి చూస్తాను. మొన్న 20 గ్రాములు తేడా వచ్చింది. మెకానిక్ వచ్చి సరిచేసేదాకా ఎవరి చింతపండూ కొనలేదు.