గడి కూలిన మరునాటి నాయకుడు

సభాధ్యక్షులకు, దేవరకొండ, సూర్యాపేట, పాలమూరు వైపు నుంచి నల్లగొండకు వచ్చిన రచయిత్రులకు, రచయితలకు నమస్కారం. తిరుగుబాటు నాయకుణ్ణి కథానాయకుడిగా పెట్టుకుని నవల రాయదలచినవారికి పనికివచ్చే నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు అడిగారు. తొలి గెలుపు దక్కిన తరువాత తడబడే నాయకుడి గురించి మాత్రమే మాట్లాడతాను. అటువంటి నాయకుణ్ణి మనం తరచుగా ఒక ద్రోహి చేత పడగొట్టిస్తాం. పుస్తకమంతా గెలుస్తూ వచ్చినవాణ్ణి చివరి ప్రకరణంలో నమ్మినవాడెవడో పట్టిస్తాడు, నాయకుడు మచ్చలేకుండా మరణిస్తాడు. ద్రోహులు చరిత్రలో లేరని నేననను. కాని నాయకుడి పతనానికి విత్తు అతని గెలుపులోనే పడాలని, గెలిచిన రోజు రాసేటప్పుడే రచయిత దాన్ని నాటి ఉండాలని నా గట్టి నమ్మకం.

సర్వాయి పాపన్న సంగతి చూడండి. కల్లుగీత వృత్తి కులంలో పుట్టినవాడు షాపూరులో కోట కట్టుకుని, 1708లో, ముహర్రం సన్నాహాల్లో ఊరంతా మునిగి ఉన్న వేళ చూసి, వరంగల్ మీద విరుచుకుపడ్డాడు. అదే ఏడు మన భువనగిరి మీదికీ వచ్చాడు గాని కోట దక్కలేదు. కథకులు ఈ దాడులనే మళ్ళీ మళ్ళీ చెప్పుకుంటారు. నన్ను ఆపేది మాత్రం 1709. ఆ ఏడు చక్రవర్తి బహదూర్ షా హైదరాబాదులో ఉండగా పాపన్న కానుకలు సమర్పించి, ఆయన దర్బారు నుంచి గౌరవ వస్త్రం అందుకున్నాడు. నగరంలోని పెద్దలు దీని మీద మండిపడ్డారు, తరువాత మొగలు సేనలు అతని మీదికే కదిలాయి, 1710లో అతణ్ణి చంపారు. వరంగల్ కొట్టినవాడికి ఆ వస్త్రం ఎందుకు కావలసి వచ్చింది? పట్టణం మీద పడడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. పడిన చోట నిలిచి, శిస్తు తీసుకుని, తీర్పులు చెప్పి ఏలుకోవాలంటే మాత్రం నలుగురూ ఒప్పుకునే అధికారం ఒకటి కావాలి, దాన్ని ఇవ్వగలవాడిగా ఆనాడు అతనికి కనిపించినవాడు తాను ఎదిరించిన చక్రవర్తే. ఇది నా ఊహే అయినా, నవలాకారుడికి ఇంతకంటే గొప్ప ఘట్టం దొరకదు.

ఇక మన తాతల కాలపు తెలంగాణ సాయుధ పోరాటానికి వద్దాం. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు బలి అయిన తరువాత వెట్టికి, సర్కారు బలవంతపు ధాన్య వసూలైన లేవీకి, దొరల పెత్తనానికి వ్యతిరేకంగా ఊళ్ళకు ఊళ్ళు లేచాయి. సుమారు మూడు వేల గ్రామాల్లో గ్రామరాజ్యాలు నడిచాయనీ, పది లక్షల ఎకరాలు పంచామనీ ఆ ఉద్యమం నడిపినవారు లెక్క చెప్పారు. ఆ పంపకంలో ఒక చిక్కు ఉంది. ఒక కుటుంబానికి ఎంత భూమి ఉండనివ్వాలన్న పరిమితిని మొదట 500 ఎకరాలుగా పెట్టుకుని, తరువాత 200కు, ఆ తరువాత మెట్ట అయితే 100, తరి అయితే 10 ఎకరాలకు తగ్గించుకుంటూ వచ్చారు. ఈ అంకెలను నేను ఎన్నిసార్లు చదివినా నాటకంలాగే వినిపిస్తాయి. 500 దగ్గర సంఘం, అంటే ఆంధ్ర మహాసభ, వెంట నడిచిన ఆసామి 100 దగ్గరికి వచ్చేసరికి తన పొలం గట్టు వైపు చూసుకుంటాడు, అదే 500 దగ్గర భూమి లేని జీతగాడికి ఏమీ దక్కదు. నిన్న ఒకే గుత్ప కర్ర పట్టుకుని పక్కపక్కన నడిచినవాళ్ళు వీళ్ళిద్దరూ. నిజాం, రజాకార్లు ఎదురుగా ఉన్నంతకాలం ఆ తేడా మరుగున ఉంది. నిజాం లొంగిపోయిన 1948 సెప్టెంబరు 17 తరువాత దాన్ని దాచేవారెవరూ లేకపోయారు. పోరాటం సాగించాలా, ఆపాలా అన్న చర్చ నాయకులనే చీల్చింది. భువనగిరి పక్క బొల్లేపల్లిలో భూస్వామి ఇంట పుట్టి ఉద్యమానికి ముందు నిలిచిన రావి నారాయణరెడ్డి గారే ఆపాలన్నారు. దళాలు ఊళ్ళు వదిలి నల్లమలకు, గోదావరి అడవులకు తరలాయి. 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించారు. మరుసటి ఏడు ఎన్నికల్లో నల్లగొండ ప్రజలు నారాయణరెడ్డి గారినే దేశంలోకెల్లా పెద్ద మెజారిటీతో పార్లమెంటుకు పంపారు. దీన్ని ఓటమి అనాలో గెలుపు అనాలో నవల తేల్చనక్కరలేదు.

ఇప్పుడు మీ కల్పిత నాయకుణ్ణి తీసుకోండి, పేరు మీరే పెట్టుకోండి. మూసీకి దక్షిణాన, జొన్న, సజ్జ, ఆముదం తప్ప పెద్దగా ఏమీ పండని ఎర్రచెలకల ఊరు అనుకుందాం. ఎండాకాలం చివర జనం గడి మీదికి, అంటే దొర కోటలాంటి ఇంటి మీదికి పోయారు, దొర రాత్రికి రాత్రే పట్నం చేరాడు, అప్పు పత్రాలు వాకిట్లో తగలబడ్డాయి, గరిసెలు తెరుచుకున్నాయి. ఏండ్ల తరబడి నాగు అనే గింజల అప్పు కింద తెచ్చినదానికి మించి కొలిచి ఇచ్చిన గింజలు తిరిగి ఇంటికి వస్తుంటే వద్దని ఏ నాయకుడంటాడు? మీవాడు మొదటి కుంచం తన చేతులతోనే కొలిచాడు. మూలన బూడిద కలిపి, పేడతో మూతి మెత్తిన గుమ్మిలో ఉన్నది విత్తనపు జొన్న అని గడిలో పనిచేసిన ముసలి జీతగాడు చెప్పబోయాడు, ఆ సందడిలో ఎవరికీ వినబడలేదు. మృగశిర కార్తె వచ్చింది, వాన కూడా మంచిగా పడింది, ఊళ్ళో విత్తనం లేదు. సావుకారు నాగుకు ఇస్తానన్నాడు గాని, ఈసారి పత్రం మీద నాయకుడి వేలిముద్రే కావాలన్నాడు.

అదే వారంలో భూమి తగువు వస్తుంది. దొర చెలక ఒకటి పన్నెండేండ్లుగా కౌలుకు దున్నినవాడు అది తనదే అంటాడు. భూమి లేని జీతగాడు, "అన్నా, గోడ దుంకి తలుపు దీసింది నేను గాదా?" అంటాడు. ఇద్దరి మాటా న్యాయమే. నాయకుడు వాయిదా వేస్తాడు. ఈ వాయిదా దగ్గర మీరు తొందరపడవద్దు. ఒక పూర్తి ప్రకరణం దానికి ఇవ్వండి. మంచి మనిషి, ప్రాణానికి వెరవనివాడు, ఇద్దరు స్నేహితుల మధ్య ఒక చెలకను పంచలేక చెట్టు కింద కూర్చుని ఉండడం కాల్పుల కంటే ఎక్కువ చెబుతుంది. సైన్యం వచ్చేనాటికి ఆ ఇద్దరిలో ఒకడు నాయకుడికి తలుపు తీయడు. పాఠకుడు అతణ్ణి ద్రోహి అనలేకపోవాలి.

ఇంకొక్క మాట ఉంది. నవలలో గెలుపు తరువాతి ఈ రెండో సగాన్ని నాయకుడి కళ్ళతో కాకుండా, దళంలో పనిచేసిన స్త్రీ కళ్ళతో చూసి రాయమని నా కోరిక. విరమణ తరువాత ఎందరో స్త్రీలను ఇంటికి వెళ్ళి సంసారాలు చూసుకోమన్నారు, ఆ బాధను వారు తరువాతి కాలంలో తమ నోటితోనే చెప్పుకున్నారు. తుపాకి తుడవడం, ఉత్తరాలు మోయడం, గాయానికి కట్టు కట్టడం నేర్చినామె తిరిగి వచ్చేసరికి అత్తగారింట్లో ఆమెతో ఎవరు మాట్లాడారు, కూలికి ఎవరు పిలిచారు, నాయకుడు ఎన్నికల సభకు ఆ ఊరే వచ్చిన రోజున ఆమె వెళ్ళిందా లేదా అన్నవి రాయవలసినవే. మీలో ఎవరైనా ఆ ప్రకరణం మొదలుపెడితే, రాతప్రతి పూర్తికాకముందే చదవడానికి నేను సిద్ధంగా ఉన్నాను.