వంద ఆర్మ్‌బార్లు ఎటు పోయాయి?

అందరికీ నమస్కారం. వార్మప్ అయ్యాక కూర్చోబెట్టి మాట్లాడటం నాకే నచ్చదు, ఒళ్ళు చల్లబడిపోతుంది. అందుకని ఒక్క విషయమే చెబుతాను. డ్రిల్ బాగా చేయడం వేరు, జియు-జిట్సు, అంటే మనం చేసే ఈ నేల మీది కుస్తీ, రావడం వేరు. ఆ రెండూ ఒకటే అనుకుని నేను కొన్నేళ్ళు క్లాసులు చెప్పాను.

కోచింగ్ మొదలుపెట్టిన కొత్తలో నా దగ్గర ఒక కుర్రాడు ఉండేవాడు. క్లోజ్డ్ గార్డ్ నుంచి, అంటే వెల్లకిలా పడుకుని ఎదుటివాడి నడుముకు కాళ్ళు చుట్టిన స్థితి నుంచి, ఆర్మ్‌బార్ వేస్తే అతనే వేయాలి. మోచేతిని వెనక్కి విరిచే పట్టు అది. పార్ట్‌నర్ చేయి పట్టుకుని, తుంటి మీద పాదం ఆనించి పక్కకు తిరిగి, రెండో కాలు ముఖం మీదుగా వేసి, మోకాళ్ళు బిగించి నడుము ఎత్తేవాడు. కుడివైపు యాభై, ఎడమవైపు యాభై. లెక్క నేనే గట్టిగా చెప్పేవాణ్ణి. మిగతావాళ్ళకు ‘ఇతన్ని చూసి నేర్చుకోండి’ అనేవాణ్ణి.

ఒకరోజు ఆ వంద పూర్తయ్యాక రోలింగ్, అంటే ఇద్దరూ నిజంగా తలపడటం, పెట్టాను. ఎదుటివాడు మౌంట్‌లోకి, అంటే పొట్ట మీదికి, ఎక్కి కూర్చున్నాడు. మనవాడు రెండు చేతులూ బారుగా చాపి అతని ఛాతీ మీద పెట్టి నెట్టడం మొదలుపెట్టాడు, బెంచ్ ప్రెస్ చేస్తున్నట్టు. పిలిచి మరీ చేయి ఇచ్చినట్టే కదా. ఎదుటివాడు కాదంటాడా? వంద ఆర్మ్‌బార్లు వేసిన కుర్రాడు పది నిమిషాలు తిరక్కుండానే ఆర్మ్‌బార్‌కే ట్యాప్ చేశాడు, అంటే చేత్తో తట్టి ఓటమి ఒప్పుకున్నాడు.

“ఇంత ప్రాక్టీస్ చేసి ఏం లాభం?” అని అందరి ముందూ అతన్నే అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ వంద సార్లూ అతనికి చేయి అందించిన పార్ట్‌నర్ బొమ్మలా కూర్చున్నాడు. మనిషి చేయి ఎప్పుడు వదులుతాడు, ఎందుకు వదులుతాడు, ప్రమాదం పసిగడితే మోచేతిని డొక్కకు ఎలా అతికించుకుంటాడు, ఇదంతా ఆ కుర్రాడు ఒక్కసారి కూడా చూడలేదు. చూసే అవకాశం నేను ఇవ్వలేదు. ఒడ్డున బోర్లా పడుకోబెట్టి చేతులాడించమని, ఈత నేర్పేశాననుకున్నాను.

ఈ గొడవ మన విద్యలో మొదటి నుంచీ ఉన్నదే. 1882లో జపాన్‌లో జూడో మూలపురుషుడు జిగోరో కానో తన బడి కోడోకాన్ స్థాపించేనాటికి చాలా జుజుత్సు బడుల్లో కటాదే పెద్దపీట. అంటే ఇద్దరూ ముందే అనుకున్న కదలికల్ని అనుకున్న వరసలో చేయడం. కానో కటాను పారేయలేదు. కానీ దాని పక్కనే రాందోరీని, అంటే ఇద్దరూ నిజంగా పోటీపడే స్వేచ్ఛా సాధనను, గట్టిగా నిలబెట్టాడు. అందుకోసం ప్రమాదకరమైన పట్లను రాందోరీ నుంచి పక్కన పెట్టాడు. అసలు తెలివి అక్కడుంది. కన్ను పొడవడాన్ని స్నేహితుడి మీద పూర్తి బలంతో సాధన చేయలేం. పడేయడం, అదిమి పట్టడం, ట్యాప్ చేయించడం రోజూ చేయొచ్చు, మర్నాడు మళ్ళీ అదే స్నేహితుడితో చేయొచ్చు. కోడోకాన్‌లో తయారైన మిత్సుయో మయేదా 1914లో బ్రెజిల్ చేరాడు. అతని దగ్గర కార్లోస్ గ్రేసీ నేర్చుకున్నాడు. అక్కడి నుంచి గ్రేసీ కుటుంబం చేతుల్లో అది బ్రెజిలియన్ జియు-జిట్సు అయిన కథ మీకు తెలుసు. ఇవాళ మనం రోలింగ్ అంటున్నది ఆ రాందోరీకి మనవరాలే.

ఇంకొకాయన గురించి కూడా చెప్పాలి. ఆయనకు మన మ్యాట్‌తో సంబంధమే లేదు. నికొలాయ్ బెర్న్‌స్టైన్ అని, 1920లలో మాస్కోలో పనివాళ్ళ కదలికల మీద పరిశోధన చేశాడు. సుత్తి పట్టుకున్న మనిషి చేతికి చిన్న చిన్న బల్బులు కట్టి, ఆ వెలుగు నడిచిన దారిని ఫొటోలు తీశాడు. చేయి తిరిగిన పనివాడి సుత్తి ప్రతిసారీ పడాల్సిన చోటే పడుతోంది. కానీ భుజం, మోచేయి, మణికట్టు వెళ్ళిన దారి మాత్రం ఏ రెండు దెబ్బలకూ ఒకేలా లేదు. అంటే పనితనం ఉన్నవాడు ఒకే కదలికను అచ్చు గుద్దడం లేదు, ఒకే సమస్యను ప్రతిసారీ కొత్తగా తీరుస్తున్నాడు. సాధన అంటే మళ్ళీ మళ్ళీ చేయడమే, అయితే చేసిందే చేయడం కాదు అని ఆయన మాటకు నేను చెప్పుకునే అర్థం. నా యాభై లెక్క తప్పని తెలిసింది అది చదివాకే.

మరి ఏం మార్చాను? మీరందరూ మొదటి వారంలోనే నేర్చుకునే హిప్ ఎస్కేప్‌నే తీసుకుందాం. రొయ్యలా ముడుచుకుని, సాగి, మ్యాట్ ఈ చివర నుంచి ఆ చివరకు జరుగుతుంటారు కదా, అదే. ఒంటరిగా ఎంత నున్నగా చేసినా, మీద తొంభై కిలోల మనిషి పడుకున్నప్పుడు ఏం జరుగుతుందో చూడండి. అతను కుడిపక్క నుంచి వచ్చి సైడ్ కంట్రోల్‌లో ఛాతీ మీద ఛాతీ వేసి అదిమాడు. నా ఎడమ ముంజేయి అతని మెడకు, కుడి ముంజేయి అతని తుంటికి అడ్డం పెట్టాలి. నెట్టడానికి కాదు, తలుపుకు గడియ పెట్టినట్టు. కండతో నెడితే అరనిమిషంలో చేతులు చచ్చుబడతాయి. ఎముక అడ్డం పెడితే అతని బరువును అదే మోస్తుంది. అప్పుడు పాదాలు నేలకు తన్నిపెట్టి నడుము ఎత్తాలి. అతని బరువు అరక్షణం ముందుకు ఊగి మళ్ళీ కిందికి దిగుతుంది. ఆ దిగేలోపు తుంటిని ఎడమకు లాగి, అతని వైపు తిరగాలి. జానెడు సందు దొరుకుతుంది. అందులోకి కుడి మోకాలు దూర్చాలి.

ఆ అరక్షణం ఒంటరి డ్రిల్‌లో ఎక్కడుంది? లేదు. అందుకే ఇప్పుడు దీన్ని ఆటలా పెడుతున్నాను. ముప్ఫై సెకన్లు. పైనున్నవాళ్ళ పని అదిమి పట్టడమే, సబ్మిషన్లు, అంటే ట్యాప్ చేయించే పట్లు, వద్దు. కిందున్నవాళ్ళు మోకాలు లోపలికి తెస్తే గెలిచినట్టు. కొత్తవాళ్ళయితే పైవాళ్ళు సగం బరువే వేస్తారు. తర్వాతి రౌండులో పైవాళ్ళకు మౌంట్‌కు వెళ్ళే వీలిస్తాను. ఆ తర్వాత కిందున్నవాళ్ళు ఒక చేయి ఇరుక్కున్న స్థితిలోంచి మొదలుపెడతారు. పార్ట్‌నర్లు మారుతుంటారు. పొడుగు మనిషి కింద దొరికే సందు, పొట్టిగా గట్టిగా ఉన్న మనిషి కింద దొరకదు. నేను చెప్పకుండానే ఒకడు పైవాడి మోచేతిని తలమీదికి నెట్టి బయటపడతాడు. అది ఎవరు నేర్పారని అడిగితే తెల్లమొహం వేస్తాడు.

ఒక చిక్కుంది. ఇలాంటి క్లాసు చూడ్డానికి బాగుండదు. వరసల్లేవు, ఒకే తాళం లేదు, అందరూ తడబడుతుంటారు. వీడియో తీస్తే సంతలా ఉంటుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు ‘ఇక్కడ డిసిప్లిన్ లేదు’ అనుకుని వెళ్ళిపోవడం నేను కళ్ళారా చూశాను. 1979లో షియా, మోర్గాన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. అడ్డుగా నిలబెట్టిన చిన్న చెక్కల్ని చేత్తో పడగొట్టే మూడు రకాల పనులు. కొందరు ఒక్కోదాన్ని పూర్తిచేసి తర్వాతిదానికి వెళ్ళారు, కొందరు మూడింటినీ కలగాపులగంగా చేశారు. సాధన జరుగుతున్నప్పుడు మొదటివాళ్ళే మెరుగు. కొన్ని రోజులాగి పరీక్షిస్తే రెండోవాళ్ళు మెరుగు. చెక్కలు పడగొట్టడమూ కుస్తీ పట్టడమూ ఒకటి కాదు, ఒప్పుకుంటాను. కానీ క్లాసు చివర్లో స్టూడెంట్ బాగా చేస్తున్నాడంటే నేర్చుకున్నాడని అర్థం కాదన్న సంగతి మాత్రం నాకు గట్టిగా తగిలింది.

అలాగని బొమ్మ డ్రిల్స్ అన్నీ తీసిపారేయకండి. ఈ మధ్య ఆ ఫ్యాషన్ కూడా మొదలైంది. పడటం నేర్చుకునేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించడం, చేత్తో నేలను కొట్టడం ప్రశాంతంగా, ఒంటరిగా, విసుగొచ్చేదాకా చేయాల్సిందే. అక్కడ తడబడితే తల నేలకు తగులుతుంది. జాయింట్ లాక్, అంటే కీలును విరిచే పట్టు, చివరి బెత్తెడు కూడా అంతే. మోచేయి ముందుగా హెచ్చరించదు. మడమ పట్టి కాలు మెలితిప్పే హీల్ హుక్‌లో నొప్పి తెలిసేసరికే మోకాలి లిగమెంట్ పని అయిపోయి ఉండొచ్చు. ట్యాప్ చేయడం, ట్యాప్ తగలగానే వదలడం, ఈ రెండూ ఆలోచన లేకుండా జరగాలి.

ఇక ప్రోగ్రెస్. బెల్టుల గురించి ఎక్కువ మాట్లాడను. అంతర్జాతీయ బ్రెజిలియన్ జియు-జిట్సు సమాఖ్య (ఐబీజేజేఎఫ్) నిబంధనల ప్రకారం పెద్దవాళ్ళు బ్లూ బెల్టులో కనీసం 2 ఏళ్ళు, పర్పుల్‌లో ఏడాదిన్నర, బ్రౌన్‌లో ఏడాది ఉండాలి. బ్లాక్ బెల్టుకు 19 ఏళ్ళు నిండాలి. అవి కనీసాలు మాత్రమే. చాలామందికి మొత్తం పదేళ్ళ దాకా పడుతుంది. పదేళ్ళలో నాలుగుసార్లు మాత్రమే రంగు మారే గుడ్డపీలికను చూసి రోజువారీ ఎదుగుదల ఎలా కొలుస్తాం?

నా దగ్గర ఒక అమ్మాయి ఎనిమిది నెలలు వచ్చింది. క్లాసులో అందరికన్నా తేలిక. ఆ ఎనిమిది నెలల్లో ఒక్కరినీ ట్యాప్ చేయించలేదు. ఒకరోజు గి, అంటే మన యూనిఫాం, మడతపెడుతూ అడిగింది. “సార్, నిజం చెప్పండి. నాకు ఇది వస్తుందా, రాదా?”

నా దగ్గర ఒక నోట్‌బుక్ ఉంటుంది. ఎవరు గెలిచారని అందులో రాయను. ఎక్కడ ఇరుక్కున్నారు, ఎంతసేపు నిలిచారు, ఊపిరి ఎలా ఉంది, అంతే. ఆమె పేజీలు తీసి ముందు పెట్టాను. మొదటి నెలలో మౌంట్ కిందికి వెళ్ళగానే కళ్ళు మూసుకునేది, ఊపిరి బిగబట్టేది, సబ్మిషన్ రాకముందే బరువుకే ట్యాప్ చేసేది. మూడో నెలకు మోచేతులు డొక్కకు వచ్చాయి. ఆరో నెలకు మౌంట్ నుంచి హాఫ్ గార్డ్‌కు, అంటే పైవాడి ఒక కాలును తన కాళ్ళ మధ్య పట్టేసే స్థితికి, రావడం మొదలైంది. ఎనిమిదో నెలలో, కింద పడున్నప్పుడే, “కాస్త గోళ్ళు తీసుకోవచ్చుగా” అని పైవాడితో అంటోంది. టెన్షన్‌లో ఉన్న మనిషి అలా మాట్లాడదు.

ఆమెకు ఇదేదీ కనపడలేదు. ఎలా కనపడుతుంది? ఆమెతో పాటు పార్ట్‌నర్లూ నేర్చుకుంటున్నారు. పక్క పట్టాల మీద అదే వేగంతో రైలు వస్తుంటే మన రైలు ఆగిపోయినట్టే ఉంటుంది. ఆ వారం కొత్తగా చేరిన ఒకతన్ని ఆమెకు జోడీగా పెట్టాను. ఆమెకన్నా ఇరవై కిలోలు ఎక్కువే. ఐదు నిమిషాలు అతను ఎగిరాడు, నెట్టాడు, రొప్పాడు. ఆమె అతన్ని ట్యాప్ చేయించలేదు. గార్డ్ మాత్రం, అంటే తన కాళ్ళ అడ్డు, ఒక్కసారీ దాటనివ్వలేదు. బెల్ మోగాక అతను మ్యాట్ మీద వెల్లకిలా పడిపోతే ఆమె నా వైపు చూసింది. నోట్‌బుక్ నేను తెరవలేదు.

సరే, ఒళ్ళు చల్లబడుతోంది. జోడీలు కట్టండి, మీ సైజు కాని వాళ్ళను వెతుక్కోండి. సైడ్ కంట్రోల్, ముప్ఫై సెకన్లు, పైవాళ్ళు సగం బరువు. మోకాలు లోపలికొస్తే కిందివాళ్ళు గెలిచినట్టు. నెయిల్ కట్టర్ ఆ బల్ల మీదుంది.