తుపాకీ ఉన్న ఇంటి ఓటు: అమెరికా అనుభవం

సభకు నమస్కారం.

తుపాకీ కొనేవాడి నేపథ్యాన్ని ప్రతిసారీ తనిఖీ చేయాలా అని అమెరికాలో అడిగి చూడండి. పదిమందిలో ఎనిమిది మందికి పైగా చేయాలనే అంటారు. తుపాకీ ఉన్నవాళ్లలోనూ ఎక్కువమంది మాట అదే. ఈ తనిఖీని విస్తరించే ప్రతిపాదన 2013 ఏప్రిల్‌లో సెనేట్‌కు వచ్చింది. తెచ్చిన సెనేటర్లు మాంచిన్, టూమీ ఇద్దరికీ తుపాకీ సంఘం ఎన్‌ఆర్‌ఏ అప్పటిదాకా 'మనవాడే' అన్న అర్థంలో 'ఎ' గ్రేడే ఇస్తూ వచ్చింది. అయినా 60 ఓట్లు కావాల్సిన చోట 54 పడ్డాయి, ప్రతిపాదన వీగిపోయింది. 2016లో మెయిన్ రాష్ట్రం ఇదే విషయాన్ని నేరుగా జనం ముందు పెడితే 52 శాతం మంది వద్దన్నారు. అదే రోజు నెవాడాలో ఇలాంటిదే ఒక శాతం కంటే తక్కువ తేడాతో గట్టెక్కింది.

సర్వేలో అవునన్న జనం బ్యాలెట్ దగ్గరికొచ్చేసరికి ఏమయ్యారు? నన్నడిగితే, ఇందులో అభిప్రాయం పాత్ర తక్కువ, పట్టుదల పాత్ర ఎక్కువ.

ముందు లెక్క చూద్దాం. ప్యూ అనే పరిశోధనా సంస్థ 2023 సర్వే ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండిన పెద్దవాళ్లలో 32 శాతం మంది తమకు తుపాకీ ఉందన్నారు. రిపబ్లికన్ల వైపు మొగ్గేవాళ్లలో 45 శాతం, డెమొక్రాట్ల వైపు 20 శాతం. ఈ రెండంకెలు పక్కపక్కన పెట్టి 'తుపాకీ వల్లే ఓటు' అనేస్తే పప్పులో కాలేసినట్టే. తుపాకీలు పల్లెల్లో ఎక్కువ, మగవాళ్ల దగ్గర ఎక్కువ, తెల్లవాళ్ల దగ్గర ఎక్కువ. తుపాకీ సంగతి పక్కనపెట్టినా వీళ్లు రిపబ్లికన్ల వైపే మొగ్గుతారు. కాబట్టి పల్లెవాసిని పల్లెవాసితో, మగవాణ్ని మగవాడితో పోల్చి, అప్పటికీ మిగిలిన తేడాను మాత్రమే తుపాకీ ఖాతాలో వేయాలి.

ఇక పట్టుదల. 1990లో వెర్మాంట్‌లో ప్రతినిధుల సభ రిపబ్లికన్ సభ్యుడు పీటర్ స్మిత్ సైనిక తరహా తుపాకుల నిషేధానికి మద్దతిచ్చారు. ఎన్‌ఆర్‌ఏ ఆయన మీద విరుచుకుపడింది. గెలిచిందెవరయ్యా అంటే, సోషలిస్టునని బాహాటంగా చెప్పుకునే బెర్నీ శాండర్స్! 1993లో తుపాకీ కొనేవారి నేపథ్యం తనిఖీ చేయాలన్న బ్రేడీ చట్టానికి శాండర్స్ వ్యతిరేకంగానే ఓటేశారు. వేటకు వెళ్లే ఓటరుకు పార్టీ జెండా కూడా రెండో విషయమే అయిందన్నమాట. 1994లో నిషేధం చట్టమైంది. రెండు నెలల్లోపే వచ్చిన ఎన్నికల్లో డెమొక్రాట్లు 54 ప్రతినిధుల సభ స్థానాలు పోగొట్టుకున్నారు, స్పీకర్ టామ్ ఫోలీ సైతం ఓడారు. దీనికంతటికీ తుపాకీయే కారణమనడం అతిశయోక్తి. పన్నులు, ఆరోగ్య బీమా గొడవ కూడా ఉన్నాయి. కానీ ఆ భయం మాత్రం పార్టీని చాలా ఏళ్లు వెంటాడింది.

కొలరాడో ఉదాహరణను కాస్త దగ్గరగా చూడాలి. 2013 మార్చిలో రాష్ట్రం రెండు నియమాలు పెట్టింది: ప్రైవేటు అమ్మకాలకూ తనిఖీ, మ్యాగజైన్‌లో అంటే తుపాకీకి తగిలించే తూటాల పెట్టెలో, 15 తూటాలకు మించకూడదు. సెప్టెంబర్ 10న రాష్ట్ర సెనేట్ అధ్యక్షుడు జాన్ మోర్స్, ప్యూబ్లో సభ్యురాలు ఏంజెలా హిరోన్ మీద రీకాల్ ఎన్నిక, అంటే పదవిలో ఉన్నవారిని మధ్యలోనే దించాలా అని తేల్చే ఓటింగ్, జరిగింది. మోర్స్ 319 ఓట్ల తేడాతో పదవి పోగొట్టుకున్నారు. డెమొక్రాట్ల కంచుకోటలోనే హిరోన్ ఓడారు. డబ్బు ఎక్కువ ఖర్చుపెట్టింది వీళ్లను కాపాడాలనుకున్న వర్గమే! అక్కడి జనానికి అలవాటైన పోస్టల్ బ్యాలెట్లు ఆసారి ఇళ్లకు రాలేదు, బూత్‌కు వెళ్లాల్సిందే. పోలింగ్ తగ్గింది, కోపంతో ఉన్నవాళ్లు మాత్రం మానలేదు. 2014 నవంబర్ సాధారణ ఎన్నికల్లో ఆ రెండు సీట్లూ మళ్లీ డెమొక్రాట్లకే వచ్చాయి. అదే నియోజకవర్గం, అదే చట్టం. మారింది బూత్‌కు వచ్చినవాళ్లు.

ఈ కోపిష్టి ఓటరు ఎవరో పార్టీలకు ఎలా తెలుస్తుంది? ప్రభుత్వం దగ్గర జాతీయ జాబితా ఉండదు. అలాంటి రిజిస్ట్రీ పెట్టకూడదని 1986 ఫెడరల్ చట్టం ఆంక్ష విధించింది. అందుకే వేట లైసెన్సులు, పత్రిక చందాలు, సంఘ సభ్యత్వాలు జోడించి ఊహిస్తారు. ఎన్‌ఆర్‌ఏ అయితే అభ్యర్థులకు ప్రశ్నావళి పంపి, ఓట్ల చరిత్ర చూసి 'ఎ' నుంచి 'ఎఫ్' దాకా గ్రేడు వేసి సభ్యులకు చేరవేస్తుంది.

అభ్యర్థి వాడే మాట కూడా ముఖ్యమే. తనిఖీ అంటే చాలామంది తుపాకీ యజమానులు తలూపుతారు. నిషేధం అంటే ముఖం ముడుస్తారు. 'మీ దగ్గరున్నది తీసుకుంటాం' అంటే ఇక సంధి లేదు. 2019లో హ్యూస్టన్ చర్చలో డెమొక్రాట్ నేత బెటో ఓరూర్క్ ఏఆర్-15 అనే సైనిక తరహా తుపాకులు తీసుకుంటామని అన్నారు. ఆయన నిలబడిన 2022 టెక్సాస్ గవర్నర్ ఎన్నికలో ప్రత్యర్థులు దాన్నే పదేపదే వినిపించారు. 2024లో డెమొక్రాట్ అధ్యక్ష అభ్యర్థి కమలా హారిస్ టీవీ చర్చలో తనకూ, ఉపాధ్యక్ష అభ్యర్థి టిమ్ వాల్జ్‌కూ తుపాకీలున్నాయని గుర్తుచేయడం ఊరికే కాదు. వాల్జ్‌కు ఒకప్పుడు ఎన్‌ఆర్‌ఏ 'ఎ' గ్రేడు ఉండేది, తర్వాత 'ఎఫ్' అయింది.

మన దేశంలో ఈ వర్గమే లేదు. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు చాలావరకు పోలీస్‌స్టేషన్‌లో డిపాజిట్ అవుతాయి. అమెరికాలోని తెలుగువాళ్ల లెక్క వేరు. హెచ్-1బి మీద ఉన్నవారికి ఓటు లేదు, వేట లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ కొనడమూ కుదరదు. గ్రీన్‌కార్డు వస్తే కొనొచ్చు, ఓటు మాత్రం పౌరసత్వం వచ్చాకే. అందుకే నేను చెప్పిన 32 శాతం 'పెద్దవాళ్ల' అంకె, 'ఓటర్ల' అంకె కాదు. ఏ సర్వే చూసినా ఆ చిన్నక్షరాల్లో ఏముందో ముందు చదవండి.