స్టిక్కరు మీద రాయనివి చూడండి: రిచీ స్ట్రీట్‌లో 72 వేల గేమింగ్ కంప్యూటర్

నమస్కారం. టేబుల్ మీద ఉన్న ఈ కంప్యూటర్ నాది కాదు, మా అక్క కొడుకుది. వాడు సెలవులకు నెల్లూరు వెళ్ళాడు, అందుకే ఈ వారం నా చేతికి చిక్కింది. చెన్నైలోని కంప్యూటర్ దుకాణాల వీధి రిచీ స్ట్రీట్‌లో జీఎస్టీతో కలిపి 72 వేలకు కొన్నాం, మానిటర్ కాకుండా. పక్క అద్దం మీద దుకాణం వాళ్ళు అంటించిన స్టిక్కరు ఇంకా అలాగే ఉంది, దగ్గరగా చూపిస్తాను. నాలుగే లైన్లు. ఇంటెల్ ఐ5 12400ఎఫ్. ఆర్‌టీఎక్స్ 5060, 8 జీబీ. 16 జీబీ ర్యామ్. 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. వరుసగా ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, పని చేసే మెమరీ, ఫైళ్ళు దాచుకునే చోటు అన్నమాట.

ఇందులో ఒక్క లైనూ అబద్ధం కాదు. అయితే అదే రోజు, అదే వీధిలో, ఇవే నాలుగు లైన్లున్న డబ్బాలు ఇంకో రెండు చూశాను. ఒకటి 64 వేలు, ఇంకొకటి 79 వేలు. స్టిక్కరు అదే అయితే 15 వేల తేడా ఎక్కడి నుంచి వచ్చింది? ఈ వీడియో అంతా ఆ 15 వేల గురించే.

మా అక్క ఫోన్‌లో ఏమందంటే, "వాడికి కంప్యూటర్ తెలుసు కానీ కొనడం తెలియదు, నువ్వు వెంట వెళ్ళవే." వాడు ఇక్కడ ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వేళచ్చేరిలో మేడ మీది గదిలో ముగ్గురు కుర్రాళ్ళు కలిసి ఉంటారు. ఏసీ లేదు. ఈ ఏసీ సంగతి మళ్ళీ ఎత్తుతాను, గుర్తుంచుకోండి.

రిచీ స్ట్రీట్ తెలియనివాళ్ళకు: మౌంట్ రోడ్ పక్కనే, గవర్నమెంట్ ఎస్టేట్ మెట్రోలో దిగి నడిచి వెళ్ళవచ్చు. ఆదివారం వెళ్తే చాలా దుకాణాలు మూసే ఉంటాయి. ఆనుకుని ఉన్నది చింతాద్రిపేట. 1734లో నేతగాళ్ళ కోసం వేసిన పేట అది. చిన్న తరి పేట అనే పేరే అలా మారిందంటారు, తరి అంటే తమిళంలో మగ్గం. ఆ సంగతి ఇక్కడ ఎందుకంటే, మా అక్క చీర కొనేటప్పుడు ముందుగా తిరగేసి వెనకవైపు చూస్తుంది. ముందువైపు జరీ అన్ని చీరల్లోనూ మెరుస్తుందని ఆమెకు తెలుసు. ఆ రోజు నేను చేసిన పని కూడా అదే. ప్రతి దుకాణంలో డబ్బా వెనక్కి తిప్పి పక్క పలక విప్పించాను. ఇద్దరు విసుక్కున్నారు. ఒకాయన విప్పనే లేదు, నమస్కారం పెట్టి వచ్చేశాం.

మొదట చవక వల గురించి చెప్పి ముందుకు వెళ్తాను. "ఐ7 గేమింగ్ పీసీ, 18 వేలు" అని రంగు దీపాల క్యాబినెట్లు వరుసగా పెట్టి ఉంటాయి. ఐ7 తరువాత అంకె ఎంత అని అడగండి. 3770 అంటారు, 4770 అంటారు. అవి 2012, 2013 నాటి మూడో, నాలుగో తరం ప్రాసెసర్లు. ఆఫీసులు వదిలించుకున్న పాత యంత్రాల నుంచి తీసి కొత్త డబ్బాలో కూర్చోబెట్టినవి. ఇప్పటి నాలుగు కోర్ల (లెక్కలు చేసే భాగాల) ఐ3 12100ఎఫ్ కూడా ఆ పాత ఐ7ను ఆటల్లో తేలికగా దాటిపోతుంది. పైగా విండోస్ 11 అధికారిక జాబితా ఇంటెల్‌లో కొద్ది మినహాయింపులు తప్ప ఎనిమిదో తరం నుంచే మొదలవుతుంది, విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 మీద వాలరెంట్ అనే ఆట ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సదుపాయాలు రెండూ ఉండాలి. పాత పుస్తకాల షాపులో కొత్త అట్ట వేసిన గైడు లాంటిది ఆ డబ్బా. సిలబస్ మారిపోయింది.

గ్రాఫిక్స్ కార్డులోనూ పేరు ఒకటి, సరుకు ఇంకొకటి. ఆర్‌టీఎక్స్ 3050 అన్న పేరుతో 8 జీబీది 2022లో వచ్చింది, 6 జీబీది 2024లో వచ్చింది. మెమరీ ఒక్కటే తగ్గించారనుకుంటే పొరపాటు. కోర్లు 2560 నుంచి 2304కు, మెమరీ దారి 128 బిట్ల నుంచి 96కు తగ్గాయి. 5060 టీఐలో 8 జీబీ, 16 జీబీ రెండూ ఉన్నాయి. బిల్లు మీద కార్డు తయారీదారు పేరు, పూర్తి మోడల్, మెమరీ రాయించుకోండి. మా వాడిది 1080పీ (ఫుల్ హెచ్‌డీ) మానిటర్, దానికి 5060లోని 8 జీబీ సరిపోతుంది. ఇంకా ఎక్కువ చుక్కలుండే 1440పీ మానిటర్ కొనే ఆలోచన ఉన్నవాళ్ళు మాత్రం 16 జీబీ కార్డు వైపే వెళ్ళండి.

ఇప్పుడు అసలు విషయం, ఎస్‌ఎంపీఎస్. కరెంటును గోడ నుంచి తీసుకుని అన్నిటికీ పంచే పెట్టె. 64 వేల డబ్బాలో దీని మీద పెద్ద అక్షరాలతో 500 వాట్లు అని ఉంది. ఆ పెద్ద అంకెను వదిలేసి, కింద చిన్న పట్టికలో +12వీ అన్న గడి వెతికాను. 20 ఆంపియర్లు అని ఉంది. పన్నెండును ఇరవైతో గుణించండి, 240 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు బతికేది ఈ పన్నెండు వోల్టుల మీదే. 5060 పూర్తి బరువుతో నడిస్తే 145 వాట్లు తాగుతుంది. 12400ఎఫ్ మీద 65 అని ఉంటుంది కానీ దూకుడు మీద ఉన్నప్పుడు 117 వరకు వెళ్తుంది. రెండూ కలిపితే 262. పెట్టె ఇవ్వగలిగింది 240. ఫ్యాన్లు ఇంకా లెక్కలోకే రాలేదు.

ఈ లెక్క దుకాణంలోనే కాగితం మీద వేసి చూపిస్తే అమ్మే కుర్రాడు నవ్వి, "మేడమ్, అందరికీ ఇదే ఇస్తున్నాం, ఎవరూ తిరిగి రాలేదు" అన్నాడు. మొదటి నెలలో ఎవరూ రారు. ఆట మధ్యలో యంత్రం దానంతటదే ఆగిపోయి మళ్ళీ మొదలవుతుంటే విండోస్‌ను తిడతారు, ఆటను తిడతారు, కార్డు పాడైందేమో అనుకుంటారు. ఈ పెట్టెను అనుమానించేవాళ్ళు తక్కువ. 5060కి దాని చిప్ తయారుచేసే ఎన్విడియా సూచించేది మొత్తం 550 వాట్ల పెట్టె. దాని మీద 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర (కరెంటు వృథా తక్కువని చెప్పేది), తెలిసిన కంపెనీ పేరు, కనీసం మూడేళ్ళ వారంటీ చూసుకోండి. మేము కొన్న డబ్బా అసలు ధర 68 వేలు. అందులో ఉన్నదీ ఆ 64 వేల డబ్బాలోని లాంటి నాసిరకం పెట్టెనే. అదనంగా 1,800 ఇచ్చి మార్పించాను. మొత్తం కొనుగోలులో నాకు బాగా తృప్తి కలిగించిన ఖర్చు అదే.

రెండోది ర్యామ్. 16 జీబీ అని రాసి ఉంది, నిజమే, కానీ ఒకే స్టిక్కు. రెండు 8 జీబీ స్టిక్కులు వేస్తే ప్రాసెసర్‌కు మెమరీ నుంచి రెండు దారులు దొరుకుతాయి, ఒక్కటే వేస్తే ఒక దారి మూసేసినట్టే. సెకనుకు తెర మీద పడే బొమ్మల, అంటే ఫ్రేముల, సగటులో ఆ తేడా పెద్దగా కనిపించకపోవచ్చు. జనం గుమిగూడిన చోట, పొగ బాంబులు పడ్డ చోట ఆట ఒక్క క్షణం తడబడుతుంది చూశారూ, అక్కడ తెలుస్తుంది. 2025 చివరి నుంచి ఎఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, కాబట్టి దుకాణాలు ఇక్కడ పొదుపు చేయడం నాకు అర్థమవుతుంది. అయినా 700 ఎక్కువ ఇచ్చి రెండు స్టిక్కులు వేయించాను. ఒక చిక్కు ఉంది. ఈ హెచ్610 రకం మదర్‌బోర్డ్‌లో (భాగాలన్నీ గుచ్చే పలకలో) ర్యామ్‌కు రెండే గడులు, రెండూ నిండిపోయాయి. రేపు 32 కావాలంటే పాతవి తీసి అమ్ముకోవాలి. వాడు చదువు పూర్తయ్యే వరకు 16తో సర్దుకుంటాడన్న లెక్కతో ఒప్పుకున్నాను. ఇంటికి తెచ్చాక బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లోకి, వెళ్ళి ఎక్స్‌ఎంపీ ఆన్ చేయండి. అది ఆపి ఉంటే చాలా స్టిక్కులు రాసిన వేగం కంటే తక్కువతోనే నడుస్తాయి.

ఇక క్యాబినెట్. ఇక్కడే మాకు యుద్ధం జరిగింది. వాడికి ముందు, పక్క అంతా అద్దం ఉన్న చేపల తొట్టి లాంటిది కావాలి, లోపల దీపాలు తిరగాలి. నాకు ముందువైపు జల్లెడలాంటి జాలీ కావాలి. "లైట్లు కనిపించవు పిన్నీ" అన్నాడు. "నీ గదిలో ఏసీ కూడా కనిపించడం లేదు నాయనా" అన్నాను.

వాదన కాదు, కొలిచాను. వాడి గదిలోనే ఉండే స్నేహితుడి కంప్యూటర్‌లో ఇదే కార్డు ఉంది, ముందు అద్దంతో కప్పిన క్యాబినెట్. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం, గదిలో 34 డిగ్రీలు. రెండింటిలోనూ ఒకే ఆట అరగంట ఆడించాం. అద్దం వెనక ఉన్న కార్డు 82 దగ్గర ఆగింది, దాని ఫ్యాన్ల రొద మిక్సీలా ఉంది. జాలీ వెనక ఉన్నది 73. ఏ ఫ్యాన్ అయినా గది గాలినే లోపలికి తోస్తుంది, అంతకంటే చల్లగా చేయలేదు. అందుకే ఏసీ గదుల్లో 24 డిగ్రీల దగ్గర కొలిచిన వీడియోలు చూసి ధైర్యం తెచ్చుకోకండి, వాళ్ళ అంకెకు పది డిగ్రీలు కలుపుకోండి. అప్పటికి ఏప్రిలే. రోళ్ళు పగిలే రోహిణి కార్తె ముందుంది. జాలీ క్యాబినెట్‌కు 1,500 ఎక్కువ పడింది. ఒక చెడు కూడా చెప్పాలి, ఇదిగో ఈ ముందు జాలీ మీద నెలన్నరకే ఎంత దుమ్ము పట్టిందో చూడండి. అయస్కాంతంతో అతుక్కున్న వడపోత, తీసి కడిగితే పోతుంది. కడగాలి మరి.

మిగతావి త్వరగా. ప్రాసెసర్ బాక్సుదా, ట్రేదా అని అడగండి. ట్రేది అట్టపెట్టె లేకుండా వస్తుంది, ఫ్యాన్ రాదు, ఇంటెల్ నేరుగా ఇచ్చే మూడేళ్ళ వారంటీ కూడా దానికి లేదు. ఈ ప్రశ్న వేయగానే మా బేరం స్వరం మారింది. 512 జీబీ ఎస్‌ఎస్‌డీ తక్కువే, జీటీఏ 5 ఒక్కటే వంద జీబీ మింగుతుంది. డబ్బు మిగిలితే 1 టీబీ వేయించండి, మాకు మిగలలేదు. 600 వీఏ యూపీఎస్ సుమారు 360 వాట్లు మాత్రమే మోస్తుంది, మానిటర్‌తో కలిపి ఆట నడుస్తున్నప్పుడు కరెంటు పోతే అది కీచుమని చేతులెత్తేయవచ్చు. దీపాల గురించి నాకు చెప్పడానికి ఏమీ లేదు.

"ఈ తిప్పలు ఎందుకు, పెద్ద కంపెనీ బిగించి అమ్మే టవర్ కొనవచ్చు కదా" అని అడుగుతారు. కొనవచ్చు. విండోస్ లైసెన్సుతో వస్తుంది, ఏది పాడైనా ఒకే నంబరుకు ఫోన్ చేస్తే చాలు. దగ్గర్లో మంచి మెకానిక్ లేని ఊళ్ళో ఉంటే నేను అదే కొనమంటాను. కానీ ఆ టవర్లలో చాలావాటికి మదర్‌బోర్డ్, ఎస్‌ఎంపీఎస్ వాళ్ళ సొంత కొలతలవి. మూడేళ్ళ తరువాత పెద్ద కార్డు వేయాలంటే పెట్టె మారదు, బోర్డు మారదు. మనవాడి గదికి రిచీ స్ట్రీట్ ఎంత దూరం? అందుకే ఇటు వచ్చాం. అన్ని భాగాల అట్టపెట్టెలు, సీరియల్ నంబర్లున్న జీఎస్టీ బిల్లు అడిగి తీసుకున్నాం. వారంటీ ఒక్కో భాగానికి వేరు, ఆ పెట్టెలు అటక మీద ఉండాల్సిందే.

సరే, 72 వేలకు ఇది మంచి కొనుగోలేనా? మార్పుల తరువాత అవును. మార్చకుండా 68 వేలకు తీసుకుని ఉంటే కాదు అనేవాణ్ణి... అనేదాన్ని, పొద్దున్నుంచి మావాడి గొంతులో మాట్లాడుతున్నాను. 79 వేల డబ్బాలో పెట్టె, ర్యామ్ బాగానే ఉన్నాయి, ఎక్కువ తీసుకున్నది మాత్రం అద్దానికి, దీపాలకు.

కొన్న రోజు రాత్రి పదకొండుకు ఫోన్. "పిన్నీ, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, బొమ్మ రావడం లేదు, మోసం చేశారు." వీడియో కాల్‌లో వెనకవైపు చూపించమన్నాను. మానిటర్ కేబుల్ పైన ఉన్న మదర్‌బోర్డ్ రంధ్రంలో ఉంది. 12400ఎఫ్‌లో ఎఫ్ అంటేనే లోపల గ్రాఫిక్స్ లేదని, అక్కడి నుంచి బొమ్మ ఎలా వస్తుంది? కింద అడ్డంగా ఉన్న కార్డు రంధ్రాలకు మార్చమన్నాను, వచ్చింది.

పోయిన వారం దీన్ని తీసుకురావడానికి వాడి గదికి వెళ్ళి, ఆట ఎలా ఉందని అడిగాను. "అంత నున్నగా లేదు పిన్నీ" అన్నాడు. డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచాను. 165 హెర్ట్జ్ మానిటర్, అంటే సెకనుకు 165 సార్లు బొమ్మ మార్చగలది, నెలన్నరగా 60 దగ్గరే ఉంది. 165కు మార్చి మౌస్ వాడి చేతికిచ్చాను. కాసేపు మౌస్‌ను అటూ ఇటూ కదిపి చూసి, "ఈ సంగతి అమ్మకు చెప్పకు" అన్నాడు. అక్క ఈ చానల్ చూస్తుందని వాడికి ఇంకా తెలియదు.