పాటల స్క్రిప్ట్ పనిచేయలేదా? తప్పు మీది కాదు, మీకు నేర్పినవాళ్లది!

నమస్కారం ఫ్రెండ్స్! సూటిగా చెప్పేస్తాను. పాటల ఫైళ్లను ఒక రకం నుంచి ఇంకో రకానికి మార్చడానికి కొత్తవాళ్లు రాసే షెల్ స్క్రిప్టులు (కంప్యూటర్‌కి వరసగా ఇచ్చే కమాండ్లు) మధ్యలో ఆగిపోతున్నాయంటే దానికి కారణం డబుల్ కోట్స్ పెట్టకపోవడం. రెండే రెండు గుర్తులు! వాటి ఊసెత్తకుండా పాఠాలు చెబుతున్నవాళ్లదే తప్పు.

గొడవ మీకు తెలిసిందే. ఫోల్డర్ నిండా ఫ్లాక్ పాటలు, అంటే క్వాలిటీ తగ్గని పెద్ద ఫైళ్లు. ఫోన్ కోసం అన్నిటినీ ఎంపీ3 చేయాలి. ఓ తమ్ముడు నేర్చుకున్నట్టే, ఒక్కో ఫైల్‌కీ అదే పని మళ్లీ చేసే ఫర్ లూప్ రాశాడు. కొన్ని పాటలు మారాయి, మిగతావాటికి 'నో సచ్ ఫైల్' అని వచ్చింది. వెంటనే పెద్దవాళ్లు దిగిపోయారు: "నీకు షెల్ ఎందుకు, పైథాన్ నేర్చుకో!"

ఏం సలహా అండీ ఇది? ఆ అబ్బాయి అడిగిందేంటి, మీరు చెప్పిందేంటి?

అసలు జరిగింది చూడండి. పాట పేరు 'వాన పాట లైవ్.ఫ్లాక్' అనుకుందాం. ఫైళ్ల పేర్లు చూపించే ఎల్ఎస్ కమాండ్ ఇచ్చిన జాబితా మీద లూప్ తిప్పితే, షెల్ స్పేస్ ఉన్న ప్రతిచోటా పేరును తెంపేస్తుంది. వాన, పాట, లైవ్.ఫ్లాక్... మూడు ముక్కలు! ఆ పేర్లతో ఫైళ్లే లేవు. పాటను మార్చే ప్రోగ్రామ్ ఎఫ్ఎఫ్ఎంపెగ్ మాత్రం ఏం చేస్తుంది?

ఎల్ఎస్ తీసేయండి. నేరుగా స్టార్ డాట్ ఫ్లాక్ (*.flac, అంటే ఫోల్డర్‌లోని ఫ్లాక్ ఫైళ్లన్నీ) మీద లూప్ తిప్పండి. లూప్‌లో ఒక్కో ఫైల్ పేరును పట్టుకునే డాలర్ ఎఫ్‌కి అటూ ఇటూ డబుల్ కోట్స్ పెట్టండి: "$f". అంతే! పైథాన్ అక్కర్లేదు.

ఇదంతా చిన్న విషయం అంటారా? 2001 నవంబరులో ఆపిల్ ఐట్యూన్స్ 2.0 వదిలింది. పాత వెర్షన్‌ను తీసేయడానికి ఇన్‌స్టాలర్‌లో ఫైళ్లను చెరిపే ఆర్ఎం కమాండ్ ఒకటి ఉంది, దానికి కోట్స్ లేవు. డ్రైవ్ పేర్లో స్పేస్ ఉన్న కొందరి డేటా మొత్తం తుడిచిపెట్టుకుపోయింది! హడావిడిగా 2.0.1 తేవాల్సి వచ్చింది. ఆపిల్ ఇంజినీర్లే పడ్డ గుంటలో మొన్న మొదలుపెట్టిన కుర్రాడు పడితే వాడికి తెలివి లేదంటారా?

నా గట్టి నమ్మకం ఏంటంటే, పాఠాలు చెప్పేవాళ్లు సాంగ్1, సాంగ్2 అని పేర్లు పెట్టుకుని పరీక్షిస్తారు. స్పేస్ లేదు, బ్రాకెట్ లేదు. అక్కడ అన్నీ పనిచేస్తాయి. మన పాటల ఫైళ్ల పేర్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు: సినిమా పేరు, బ్రాకెట్లో సంవత్సరం, గాయకుడి పేరు, అన్నిటి మధ్యా స్పేసులు!

ఆగండి, ఇంకోటి చెప్పాలి, ఇది భలే ఉంటుంది. కొందరు ఫర్ బదులు వైల్ లూప్‌తో పేర్లు ఒక్కో లైనూ చదివిస్తారు. మొదటి పాట మారుతుంది, తర్వాతి పేర్లు మాయమైపోతాయి! ఎందుకంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ నడుస్తున్నంతసేపూ మీరు ఏదైనా కీ నొక్కుతారేమోనని చూస్తూ ఉంటుంది. లూప్ కోసం పెట్టిన జాబితాను కూడా అదే చదివేస్తుంది. నోఎస్‌టీడీఇన్ అనే ఆప్షన్ ఇస్తే ఆ పని మానేస్తుంది. ఇది ఎంతమంది చెబుతున్నారు?

షెల్‌చెక్ అని ఉచిత టూల్ ఉంది. మీ స్క్రిప్ట్ దానికి ఇవ్వండి, కోట్స్ లేనిచోట ఎస్‌సీ2086 అని హెచ్చరిస్తుంది. అది సరిచేసేదాకా ఒరిజినల్ ఫ్లాక్‌ను చెరిపే ఆర్ఎం లైను మాత్రం స్క్రిప్ట్‌లో పెట్టకండి, దండం పెడతాను.

కోట్స్ లేకుండా నేర్పిన పాఠం ఎక్కడ చూసినా నాకు పంపండి. వచ్చే వీడియోలో ఒక్కో లైనూ విప్పి చూపిస్తాను!